పాత కారు కొన్నాక టైర్లు: రెండు మార్చాలా, నాలుగా, ఏవి కొనాలి?

మొన్న దసరాకి ముందు ఒక 2017 స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పెట్రోల్, వీఎక్స్ఐ, మీటర్ మీద 58 వేల కిలోమీటర్లు. ఇంజన్, ఆర్సీ, ఇన్సూరెన్స్ అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నవాణ్ణి, టైర్ల దగ్గరికొచ్చేసరికి డీలర్ మాట వినేశాను. "ముందువి రెండూ మార్పించుకోండి సార్. వెనకవి డెబ్భై పర్సెంట్ ఉన్నాయి, ఇంకో మూడేళ్లు వాటి వంక చూడక్కర్లేదు" అన్నాడు. నిజంగానే నల్లగా నిగనిగలాడుతున్నాయి. గాడిలో వేలు పెడితే లోతు బాగానే తగిలింది.

ఆదివారం ఇంటి ముందు కారు కడుగుతుంటే ఆ నిగనిగంతా బకెట్ నీళ్లలో కలిసిపోయింది. పాలిష్ కింద వెనక టైరు పక్కభాగమంతా ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్లు. ఫోన్ లైట్ వేసి ఇంకాస్త వంగి చూస్తే, డీఓటీ అనే అక్షరాల వరస చివర చిన్న గడిలో నాలుగంకెలు: 4616. అంటే 2016లో 46వ వారంలో తయారైన టైరు. కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే అవి. ఆ తొమ్మిదేళ్ల రబ్బరు మీద పిల్లల్ని ఎక్కించుకుని పండక్కి తెనాలి వెళ్లొద్దామని నేను ప్లాన్ వేసుకున్నాను.

తెనాలి ప్రయాణం బస్సులో అయింది. తర్వాత మూడు వారాలు హైదరాబాద్‌లో టైర్ల షాపుల చుట్టూ తిరిగాను. అందరూ బ్రాండ్ గురించే మాట్లాడారు. నా లెక్కలో బ్రాండ్ మూడో ప్రశ్న. మొదటిది, కారు మీదున్న టైర్ల పరిస్థితి ఏంటి? రెండోది, మీరు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?

ముందు పాత టైర్లు చూడండి

యూట్యూబ్‌లో రివ్యూలు తెరిచే ముందు ఒక అరగంట కారు పక్కన కూర్చోండి. స్టెప్నీతో సహా ఐదు టైర్ల తేదీలూ కాగితం మీద రాసుకోండి. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ అంకెలు చాలా టైర్లకి ఒక పక్కే ఉంటాయి. బయటికి కనిపించకపోతే లోపలి వైపు ఉన్నట్టు. ముందువి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కనిపిస్తాయి, వెనకవాటి కోసం కింద పడుకోక తప్పదు. నా కారుకి ముందు రెండూ 0821, వెనక రెండూ 4616, స్టెప్నీ కూడా 4616.

ఈ అంకెలు టైరు వయసుతో పాటు ఇంకో సంగతి కూడా చెబుతాయి. స్విఫ్ట్‌లో ఇంజన్ బలం వెళ్లేది ముందు చక్రాలకే, తిరిగేవీ అవే, బ్రేక్ వేసినప్పుడు బరువు పడేదీ వాటి మీదే. అందుకని ముందువి తొందరగా అరుగుతాయి. నాలుగేళ్లకి ముందువి ఒకసారి మారి, వెనకవి ఒరిజినల్‌వే ఉండటం 58 వేల కిలోమీటర్ల కారుకి సరిపోయే కథే. అదే మీటర్ మీద 30 వేలు చూపిస్తూ, నాలుగు టైర్లూ కారు కంటే నాలుగైదేళ్లు చిన్నవైతే మాత్రం ఆగి అడగండి. 30 వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చాల్సి వచ్చిందో అమ్మేవాడు చెప్పాలి. మీటర్ వెనక్కి తిప్పేవాళ్లకి టైర్ల తేదీ గుర్తుండదు. ఇది కారు కొన్నాక కాకుండా కొనేముందే తెలిసుంటే బేరంలో ఒక పదివేలు తగ్గించేవాణ్ణి. అది వేరే బాధ.

ఇక అరుగుదల. గాడి అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. అది ఎక్కడుందో తెలియడానికి టైరు భుజం మీద టీడబ్ల్యూఐ అనో చిన్న త్రికోణమో గుర్తు ఉంటుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. అక్కడితో టైరు పని అయిపోయింది. కొత్త టైరుకి ఈ లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. గట్టు తగిలేదాకా ఆగక్కర్లేదు, మూడు మిల్లీమీటర్ల నుంచే వాన నీళ్లలో తేడా తెలుస్తుంది. పాత కార్ల సంతలో ఇంకో మోసం ఉంది. గుండైన టైరుకి వేడి బ్లేడుతో మళ్లీ గాడులు కోసి, పైన పాలిష్ కొట్టి పెడతారు. గాడి లోతుగా కనిపిస్తున్నా అడుగున ఈ గట్టు ఎక్కడా లేకపోతే అదే పని జరిగిందని అనుమానించండి. అలాంటి టైరు మీద షాపు దాకా వెళ్లడం కూడా నిదానంగానే వెళ్లాలి.

నాకు అసలు ఉపయోగపడింది అరిగిన తీరు. ఎడమ ముందు టైరు సమంగా అరిగింది. కుడివైపుది మాత్రం లోపలి అంచు గుండు, బయటి అంచు బాగానే ఉంది. ఇలా ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) పోయిందని, లేదా కింద ఏదో బుష్ (చక్రాన్ని పట్టుకునే భాగాల కీలులో ఉండే రబ్బరు ముక్క) పోయిందని అర్థం. రెండు అంచులూ అరిగి మధ్యలో ఉంటే చాలా కాలం తక్కువ గాలితో నడిపారు. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు గుంటలుగా ఉంటే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయి, లేదా బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం) చూసుకోలేదు. నా కేసులో తెలిసిన మెకానిక్ జాకీ ఎక్కించి చక్రం పట్టుకుని ఊపి చూసి, "లోయర్ ఆర్మ్ బుష్ పోయింది, ఇది మార్చకుండా కొత్త టైరేస్తే ఆరు నెల్లకి మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. బుష్‌కీ కూలికీ కలిపి రెండు వేల లోపే అయింది. టైర్ల కోసం దాచిన డబ్బులోంచి ముందు ఈ రెండు వేలు తీయండి. పాత యజమాని గుంతల్లో దింపిన ప్రతి దెబ్బా మీ కొత్త టైరు మీద లెక్క తీర్చుకుంటుంది.

రెండా, నాలుగా, సెకండ్ హ్యాండా

మా బావమరిది సలహా ఇది: "స్టెప్నీ ఒక్కసారి కూడా నేల తాకలేదు కదా బావా, అది కుడివైపు ముందు వేసెయ్యి. ఇంకొక్కటి కొను. నాలుగు వేలతో అయిపోతుంది." వినడానికి బాగానే ఉంది. స్టెప్నీ మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ దాని వయసూ తొమ్మిదేళ్లే. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, ఆపై వేసవిలో మూసిన డిక్కీ ఎలా కాలుతుందో మనకి తెలియంది కాదు. పైగా ముందు ఒకటి తొమ్మిదేళ్లది, ఒకటి కొత్తది అయితే బ్రేక్ వేసినప్పుడు రెండు పక్కలా పట్టు ఒకేలా ఉండదు. ఒక ఇరుసు మీద రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే వయసువి ఉండాలి. ఇందులో బేరం లేదు.

సెకండ్ హ్యాండ్ టైర్లు ఒక్కోటి 1,400కి చూపించారు. షోరూమ్ నుంచి కారు బయటికి రాగానే అల్లాయ్‌లూ పెద్ద టైర్లూ వేయించుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు వదిలేసిన టైరు, నిజంగా తేదీ కొత్తదై దొరికితే, అది మంచి బేరమే. దొరకడమే కష్టం. నాకు చూపించినవాటిలో ఒకదానికి లోపలి వైపు మూడు పంచర్ ముక్కలు కనిపించాయి, అందులో ఒకటి పక్క అంచుకి దగ్గరగా. సెకండ్ హ్యాండ్ టైరు కొనాల్సి వస్తే రిమ్ముకి ఎక్కించకముందే లోపల చెయ్యిపెట్టి తడమండి. ఎక్కించాక ఏమీ కనపడదు. లెక్క కూడా వేసి చూశాను. నాలుగూ 5,600, ఎక్కించడం, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ 1,500. మొత్తం 7,100తో ఒక 12 వేల కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకి 59 పైసలు. కొత్తవి నాలుగూ 16,800కి కొని అదే 1,500 కలిపి, 40 వేలు నడిస్తే 46 పైసలు. చవకనుకున్నదే ఖరీదు తేలింది. ఆరు నెలల్లో కారు అమ్మేసే ఉద్దేశం ఉంటే తప్ప నేను అటు వెళ్లను.

రెండు మార్చడం ఎప్పుడు సరైన పని? మిగతా రెండూ నాలుగేళ్ల లోపువై, సగానికి పైగా లోతు ఉండి, పగుళ్లు లేకపోతే నిక్షేపంగా రెండే మార్చండి. అప్పుడు కొత్తవి వెనక వేయించి, వెనకవి ముందుకి తెప్పించుకోండి. ఇక్కడ షాపులో గొడవ తప్పదు. చాలామంది కుర్రాళ్లు "ఇంజన్ ముందుంది కదా సార్, కొత్తవి ముందే వేయాలి" అంటారు. వాన నీళ్ల మీద ముందు టైర్లు పట్టు తప్పితే కారు నేరుగా జారుతుంది, మీకు స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనకవి పట్టు తప్పితే కారు వెనకభాగం పక్కకి కొట్టుకుపోయి గిర్రున తిరుగుతుంది. అది తెలిసేలోపే డివైడర్ తగులుతుంది. ముందు చక్రాలతో నడిచే కారైనా సరే లోతు ఎక్కువున్న టైర్లు వెనకే ఉండాలని పెద్ద టైరు కంపెనీలు చెప్పేది ఇందుకే.

నా కారులో ముందువి అరిగి పోయాయి, వెనకవి వయసొచ్చి పోయాయి. ఐదేళ్లు దాటిన టైరుని ఏడాదికోసారి పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే చూడ్డానికి ఎలా ఉన్నా తీసేయాలని సాధారణంగా చెప్పే మాట. మన ఎండల్లో, ఆరుబయట నిలబెట్టే కారుకి నేను పదేళ్ల దాకా ఆగను. ఆరేళ్లకే తీసేస్తాను. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటాక రోడ్డు పెనంలా ఉంటుంది. గాలి తగ్గిన పాత టైరు వంద స్పీడులో మడతపడుతూ లోపల్నుంచి కూడా వేడెక్కుతుంది. హైవేల మీద టైర్లు పేలేది ఎక్కువగా ఇలాగే. కాబట్టి నాలుగు.

నెలకి ఎంత తిరుగుతారు?

షాపులో అడుగుపెట్టగానే వినిపించే మొదటి మాట లైఫ్. "ఇది వేయించుకోండి సార్, డెబ్భై ఎనభై వేలు పక్కా." నిజమే అనుకుందాం. నేను నెలకి 700 కిలోమీటర్లు తిరుగుతాను. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను, కారు శనాదివారాలకీ ఊరికీ. ఏడాదికి 8,400. మామూలు టైరు ఇచ్చే 40 వేలు పూర్తవడానికే నాకు దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఎనభై వేల టైరు నా కారు మీద తొమ్మిదేళ్లు ఉండాలి. అప్పటికి అది మళ్లీ ఇప్పుడు తీసేసిన 4616 లాగే అవుతుంది. వాడుకోలేని లైఫ్‌కి డబ్బు కట్టడం ఎందుకు?

మా అపార్ట్‌మెంట్‌లో క్యాబ్ నడిపే అన్న ఉన్నాడు. ఆయన నెలకి మూడు వేల కిలోమీటర్లు తిరుగుతాడు. అరవై వేల టైరు ఆయనకి 20 నెలలు వస్తుంది. ఆయన లైఫ్ టైరు తప్ప ఇంకోటి కొనకూడదు, కొనడు కూడా. మా ఇద్దరి కార్ల టైరు సైజూ ఒకటే. ఇద్దరికీ ఒకే టైరు అంటగట్టాలని చూసింది మాత్రం ఒకే షాపు.

ఎక్కువ కాలం అరగకుండా ఉండాలంటే రబ్బరు మిశ్రమం గట్టిగా ఉండాలి. తడి రోడ్డు మీద పట్టుకోవాలంటే మెత్తదనం కావాలి. ఖరీదైన టైర్లలో సిలికా లాంటివి కలిపి రెండూ కొంత సాధిస్తారు కానీ, నాలుగు వేల టైరులో ఒకటి పెరిగితే రెండోది ఎంతో కొంత తగ్గుతుంది. నా కారుకి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, లేదు. మన దేశంలో అన్ని కొత్త కార్లకీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కొన్న చిన్న కార్లలో లేనివి చాలానే ఉన్నాయి, మీ పాత కారులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఏబీఎస్ లేని కారుతో జూలై వానలో ఫ్లైఓవర్ దిగుతూ గట్టిగా బ్రేక్ తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి, ఇక ఉన్నదల్లా టైరు పట్టే. కాబట్టి నా లాంటి తక్కువ తిరుగుడు కారుకి మొదట తడి పట్టు, తర్వాత చప్పుడు లేకపోవడం, ఆ తర్వాతే లైఫ్.

ఏడాదికి 8 వేల నుంచి 12 వేలు తిరిగేవాళ్లది నా దారి. 20 వేలు దాటితే లైఫ్ వైపు మొగ్గండి. మధ్యలో ఉన్నవాళ్లు కారు ఎండలో పెడతారా నీడలో పెడతారా చూసుకుని తేల్చుకోవచ్చు.

బ్రాండ్ల సంగతి

ఎంఆర్‌ఎఫ్ అంటే మనవాళ్లకి ఒక నమ్మకం. సదాశివపేట దగ్గర ఫ్యాక్టరీ ఉండటం వల్ల తెలంగాణలో అది ఇంకాస్త మనదే అనిపిస్తుంది. పక్కభాగం దృఢంగా ఉంటుంది, పల్లె రోడ్ల మీద గుంతలకీ రాళ్లకీ ఓర్చుకుంటుంది, మారుమూల ఊళ్లో కూడా దొరుకుతుంది. నాకు కొంచెం బిరుసుగా, కొంచెం చప్పుడుగా అనిపిస్తుంది. ఊళ్లకి ఎక్కువ తిరిగేవాళ్లకి అదే చెబుతాను.

అపోలోలో అమేజర్ లైఫ్ కోసం, అల్నాక్ పట్టు కోసం. ఒకే కంపెనీలో రెండు స్వభావాలు, కాబట్టి "అపోలో ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఈ కంపెనీకి తిరుపతి జిల్లా సత్యవేడు దగ్గర చిన్నపండూరులో 2020లో ఫ్యాక్టరీ మొదలైంది. సియట్‌లో మైలేజ్ సిరీస్ పేరులోనే ఉంది అది దేనికో, సెక్యూరాడ్రైవ్ హైవే వాళ్లకి. బ్రిడ్జ్‌స్టోన్ స్టర్డో కూడా ఎక్కువ కాలం మన్నడానికని తెచ్చిందే. యోకోహామా నిశ్శబ్దంగా, మెత్తగా ఉంటుందని పేరు, లైఫ్ విషయంలో అంతగా పొగడరు. మిచెలిన్ ఎక్కి చూస్తే తేడా తెలుస్తుంది, ఒప్పుకోవాలి. పట్టూ, మెత్తదనమూ రెండూ ఉంటాయి. పక్కభాగం పల్చగా ఉండి గుంతల్లో తొందరగా ఉబ్బుతుందని షాపువాళ్ల ఫిర్యాదు. నా అనుభవంలో అది గాలి తక్కువ పెట్టి నడిపేవాళ్ల సమస్య. ధర మాత్రం మిగతావాటికి ఒకటిన్నర రెట్లు చెప్పారు.

2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతి మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. లైసెన్స్ ఉంటే తప్ప తేలేరు. అందుకే పాత రివ్యూల్లో మెచ్చుకున్న కొన్ని విదేశీ మోడళ్లు చిన్న కార్ల సైజుల్లో అసలు దొరకవు, ఎక్కడో ఒక మూల దొరికినా తేదీ పాతదై ఉంటుంది. వాటి కోసం వెతుక్కోకండి.

నేను యోకోహామా తీసుకున్నాను. రోజూ ఎక్కువ తిరిగే పని ఉంటే అమేజర్ తీసుకునేవాణ్ణి.

సైజు పెంచాలా?

వద్దు. కనీసం ఒక్క మెట్టు దాటి వద్దు. నా కారు సైజు 165/80 ఆర్ 14. అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. మొత్తం చక్రం ఎత్తు లెక్క కడితే దాదాపు 620 మిల్లీమీటర్లు. షాపులో 185/70 ఆర్ 14 వేయమన్నారు, ఉన్న రిమ్ముకే ఎక్కుతుంది, ఎత్తు 615 దగ్గర వస్తుంది కాబట్టి స్పీడోమీటర్ పెద్దగా తప్పదు. చూడ్డానికి కారు నిండుగా కనిపిస్తుంది, మలుపుల్లో పట్టు పెరుగుతుంది. బదులుగా స్టీరింగ్ బరువవుతుంది, పెట్రోల్ మైలేజ్ కొంచెం తగ్గుతుంది, ఒక్కో టైరుకి ఎనిమిది తొమ్మిది వందలు ఎక్కువ. ఇదే స్విఫ్ట్‌లో పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్ 15. దానికి రిమ్ములూ మార్చాలి. రిమ్ములు ఎలాగూ వంగిపోయి ఉంటే అప్పుడు ఆలోచించండి. కంపెనీ ఏ వేరియంట్‌కీ ఇవ్వని సైజు వేసి, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో సర్వేయర్‌తో వాదించే ఓపిక నాకు లేదు.

సైజు పక్కనే ఉండే 85టీ లాంటి అంకె చూడటం మర్చిపోకండి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోల బరువు మోస్తుంది, టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదో, కారు బుక్కులోనో రాసినదానికంటే ఇవి తగ్గకూడదు.

ఎక్కడ కొనాలి, బిల్లులో ఏముండాలి

నాకు ఈ సైజుకి మామూలు కంపెనీలవి 3,900 నుంచి 4,600 మధ్య చెప్పారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ లెక్కన మొత్తం ధరలో దాదాపు ఎనిమిది శాతం తగ్గాలి. అంతకుముందు పెట్టిన రేట్ల బోర్డు చూపించి బేరమాడేవాళ్లు ఉంటారు, బిల్లులో పన్ను శాతం చూడండి. బిల్లు లేకుండా రెండొందలు తగ్గిస్తామంటే వద్దనండి, తయారీ లోపం ఉందని వారంటీ అడగాలంటే ఆ కాగితమే ఆధారం. ఆ వారంటీలో కూడా అరిగిన మేరకి డబ్బు పట్టుకుని మిగతాదే ఇస్తారు. గుంతలో పడి కోసుకుపోయినా మార్చి ఇచ్చే వారంటీ కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకి ఇస్తున్నాయి, టైరు నంబరు వాళ్ల దగ్గర నమోదు చేయించాలి. అడగందే షాపులో ఎవరూ చెప్పరు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ధర ఎక్కువ, ఎంపిక తక్కువ. ఒకే బ్రాండ్ షోరూమ్‌లో సరుకు తాజాగా ఉంటుంది కానీ పోల్చుకోవడానికి ఉండదు. ఆన్‌లైన్‌లో కొని దగ్గర షాపులో ఎక్కించుకునే పద్ధతి కొన్నిసార్లు ఐదారు వందలు మిగులుస్తుంది, తేదీ మాత్రం వచ్చాకే తెలుస్తుంది. విజయవాడ వైపు ఉన్నవాళ్లయితే ఆటోనగర్‌లో ఒక్క పూటలో పది షాపులు అడగొచ్చు. నేను ఇంటి దగ్గరి నాలుగైదు బ్రాండ్ల షాపునే ఎంచుకున్నాను. రేపు బ్యాలెన్సింగ్ తేడా వస్తే మళ్లీ వెళ్లి నిలబడటానికి దగ్గరుండాలి.

ఆ షాపులోనూ గొడవ తప్పలేదు. లోపల్నుంచి నాలుగు టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు. రెండింటి మీద 2225, రెండింటి మీద 3124. మొదటివి ఐదు నెలలవి, రెండోవి ఏడాది దాటినవి.

"అన్నా, ఇవి రెండూ పోయినేడువి."

"గోడౌన్‌లోనే ఉన్నాయి సార్, ఎండ తగల్లేదు. ఏం కాదు."

"ఏం కాదు సరే. రేటు కూడా పోయినేడుదే వేస్తావా?"

ఆయన నవ్వి, ఫోన్ చేసి ఇంకో బ్రాంచ్ నుంచి రెండు తెప్పించాడు. ముప్పావుగంట పట్టింది, టీ ఆయనే ఇప్పించాడు. నీడలో సరిగ్గా పెట్టిన టైరు ఆరు నెలలు, ఎనిమిది నెలలున్నా పాడైపోదు. కానీ తక్కువ తిరిగే నాకు టైరు వయసే దాని ఆయుష్షు, ఏడాది పోగొట్టుకుని ఎందుకు కొనాలి?

ఎక్కించేటప్పుడు పక్కన నిలబడండి. కొత్త టైరుతో కొత్త వాల్వ్ వేయమనండి, ముప్పై నలభై రూపాయల వస్తువు, పాతది ఉంచేస్తే గాలి దిగిపోవచ్చు. బ్యాలెన్సింగ్ మెషిన్ రెండు వైపులా సున్నా చూపించాలి, ఐదు గ్రాములుంటే "చాలు సార్" అంటారు, చాలదు. టైరు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే వైపుకి, బయటి వైపు అని రాసుంటే అది బయటికి. అలైన్‌మెంట్ కాగితం ముందుదీ తర్వాతదీ ప్రింట్ తీసుకోండి. టైర్లలో గాలికి బదులు నైట్రోజన్ నింపించడం మానేశాను. మామూలు గాలిలోనే 78 శాతం అది. అడక్కపోతే కుర్రాడు 35 కొట్టేస్తాడు, డోర్ దగ్గర స్టిక్కర్ చూపించి అంతే పెట్టించండి. గన్నుతో నట్లు బిగించాక, చేతి పానాతో ఒకసారి చూడమనండి. నేను యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులూ, వేగపు మలుపులూ వద్దు, కొత్త టైరు పైపొర కొంచెం జారుగా ఉంటుంది.

పాత టైర్లకి ఎక్స్ఛేంజ్ కింద ఒక్కోటి మూడొందలిస్తామన్నారు. ముందు వాటిలో గుండైనదీ, వెనక రెండూ ఇచ్చేశాను. 4616ల పక్కభాగం మీద బ్లేడుతో గీతలు పెట్టమని అడిగాను, లేకపోతే పాలిష్ కొట్టించుకుని మళ్లీ ఎవరో ఒకరి కారెక్కుతాయి. కుర్రాడు ఓనర్ వైపు చూశాడు, ఓనర్ నా వైపు చూశాడు, ఆ మూడొందల్లో రెండొందలు తగ్గించి గీశారు. సమంగా అరిగిన ఎడమ ముందుది, 0821, ఇంకా రెండున్నర మిల్లీమీటర్లుంది. దాన్ని స్టెప్నీ రిమ్ముకి ఎక్కించి డిక్కీలో పెట్టుకున్నాను. పంచర్ షాపు దాకా నలభై స్పీడులో వెళ్లడానికి తొమ్మిదేళ్ల కొత్తదాని కంటే నాలుగేళ్ల పాతది నయం అనిపించింది. సంక్రాంతి లోపు ఐదోది కూడా కొనాలి.